విమాన ఇంధనంపై పన్ను వేస్తే ఆ సొమ్ము రైళ్లకు చేరుతుందా?

విమాన ఇంధనంపై పన్ను వేసి ఆ సొమ్ముతో రైళ్ల వంటి ప్రత్యామ్నాయాలను పెంచడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. అయితే పన్ను ఎంత అన్నదానికంటే ఆ సొమ్ము ఎక్కడికి వెళుతుందన్నదే ముఖ్యమని జర్మనీలో ఉద్యోగం చేసిన ఏళ్లలో నాకు అర్థమైంది.

మ్యూనిక్‌లో ఉంటూ పని మీద తరచుగా బెర్లిన్ వెళ్లేవాణ్ణి. రైలులో ఆరు గంటలు పట్టేది కనుక విమానమే ఎక్కేవాణ్ణి. 2017 డిసెంబరులో ఎర్ఫుర్ట్ మీదుగా వేగమార్గం పూర్తయ్యాక కొన్ని రైళ్లు నాలుగు గంటల లోపే చేర్చసాగాయి. అయినా ఛార్జీ చూసి ఒక్కోసారి విమానం వైపే మొగ్గేవాణ్ణి. 2020 జనవరిలో ప్రభుత్వం దూరప్రయాణ రైలు టికెట్లపై విలువ ఆధారిత పన్నును 19 నుంచి 7 శాతానికి తగ్గించి, ఆ లోటు పూడ్చుకోవడానికి ఏప్రిల్‌లో విమాన టికెట్లపై పన్ను పెంచింది. కోవిడ్ తర్వాత ప్రయాణాలు మళ్లీ మొదలయ్యాక నేను ఆ దారిలో విమానం ఎక్కలేదు.

కానీ అది ఇంధనంపై పన్ను కాదు, అదే దాని లోపం. అక్కడ కారులో పోసుకునే పెట్రోలుపై లీటరుకు 65 సెంట్లకు పైగా ఇంధన పన్ను ఉండగా, వాణిజ్య విమానాలు ఇంధనంగా వాడే కిరోసిన్‌కు పూర్తి మినహాయింపు ఉంది. టికెట్ పన్ను తలకు ఇంత అని వేస్తారు కనుక ఎక్కువ ఇంధనం తాగే పాత విమానానికీ, పొదుపైన కొత్త విమానానికీ తేడా ఉండదు. సరుకు విమానాలకైతే అసలు వర్తించదు. పౌర విమానయానంపై దేశాలు కుదుర్చుకున్న 1944 నాటి షికాగో ఒప్పందం ఇంధన పన్నుకు అడ్డు వస్తుందని చాలామంది అంటారు గానీ, దాని 24వ అధికరణం మినహాయించేది విమానం తన ట్యాంకులో తెచ్చుకున్న ఇంధనాన్నే. దిగిన చోట నింపుకునే ఇంధనానికి మినహాయింపు ఇస్తున్నవి దేశాల మధ్య కుదిరిన ద్వైపాక్షిక ఒప్పందాలు. దేశీయ ప్రయాణాలకు అవీ అడ్డు కావు. జపాన్ 1972 నుంచి దేశీయ విమానాల ఇంధనంపై పన్ను వసూలు చేస్తోంది, అయితే ఆ సొమ్మును ప్రధానంగా విమానాశ్రయాలకే ఖర్చు చేసింది.

మన దేశంలో ఈ ఇంధనం జీఎస్టీ పరిధిలో లేదు. దేశీయ విమానాలు నింపుకునే దానిపై కేంద్ర ఎక్సైజు 11 శాతం, దానికి తోడు రాష్ట్రాల వ్యాట్ ఇప్పటికే ఉన్నాయి. కొత్త పన్ను కంటే, ఇందులో ఒక వాటాను రైలు మార్గాలకు చట్టం ద్వారా కేటాయించడమే మనకు అవసరం. సెలవులకు వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో దిగి, రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు కూడా లేని విజయవాడకు మళ్లీ విమానమే ఎక్కుతున్నాను, ఎందుకంటే చాలా రైళ్లు ఐదు గంటలకు పైగా తీసుకుంటున్నాయి. ఆ వాటా మొదట ఈ మార్గానికి రావాలని కోరుకుంటున్నాను.