కణజాలాల రకాలు బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే?

జంతు కణజాలాల పేర్లు ఎంత చదివినా కలగాపులగం అవుతున్నాయని, ఏది ఏ పని చేస్తుందో గుర్తుండట్లేదని అడిగారు. ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు అని నేనూ అప్పజెప్పినవాడినే. వాటి తేడా నాకు నిజంగా తెలిసింది మాత్రం మెట్ల మీద జారి పడ్డాకే. ఒకే దెబ్బకు మోకాలి మీద చర్మం గీరుకుపోయింది, చీలమండలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ కొంత చిరిగింది. చర్మం కొద్ది రోజుల్లో మానింది. లిగమెంట్ నెలల తరబడి సతాయించింది.

లిగమెంట్‌కి రక్తప్రసరణ తక్కువ, అందుకే ఆలస్యం అన్నారు డాక్టరు. నిజమే. కానీ చర్మం పైపొర ఉపకళా కణజాలం, అందులో అసలు రక్తనాళాలే ఉండవు. కింది పొర నుంచి అందే పోషకాలతోనే బతుకుతుంది. అయినా త్వరగా ఎందుకు మానుతుందంటే, దాని నిండా ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న కణాలే. పైవి రాలిపోతుంటే అడుగువి విభజన చెందుతూనే ఉంటాయి. చిన్నపేగు లోపలి పొరైతే 3 నుంచి 5 రోజుల్లో కొత్తదైపోతుంది.

సంయోజక కణజాలం దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. సాధారణంగా కణాలు తక్కువ, వాటి మధ్య నిండి ఉండే పదార్థం, అంటే మాత్రిక, ఎక్కువ. నా దృష్టిలో పాఠం మొత్తానికీ ఆయువుపట్టు ఈ మాత్రికే. అది ద్రవమైతే రక్తం, కాల్షియం లవణాలతో గట్టిపడితే ఎముక, కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులతో నిండితే లిగమెంట్, టెండాన్. (ఎముకను ఎముకతో కలిపేది లిగమెంట్, కండరాన్ని ఎముకతో కలిపేది టెండాన్. పరీక్షల్లో అందరూ తారుమారు చేసేది ఇక్కడే.) ఎముకలో రక్తనాళాలు బాగా ఉంటాయి కాబట్టి విరిగినా చక్కగా అతుక్కుంటుంది. కీళ్లలో ఎముకల చివర్లను కప్పే నున్నటి మృదులాస్థిలో రక్తనాళాలూ లేవు, కణాలూ పెద్దగా విభజన చెందవు. అందుకే మోకాలి చిప్ప వెనక అరిగింది అరిగినట్టే ఉంటుంది.

కట్టు విప్పేసరికి నా పిక్క సన్నబడిపోయింది. మన ఇష్టప్రకారం కదిలే చారల కండరం వాడకపోతే చిక్కిపోతుంది, వ్యాయామంతో మళ్లీ పుంజుకుంటుంది. పేగుల్లోని నునుపు కండరం మన ప్రమేయం లేకుండా పనిచేస్తుంది. హృదయ కండరానికీ చారలుంటాయి, కానీ అది మన మాట వినదు. గుండెపోటులో చనిపోయిన భాగంలో కండరానికి బదులు మచ్చ కణజాలం ఏర్పడుతుంది.

నాడీకణాలు దాదాపు విభజన చెందవు. అయితే చేతికాళ్లలోని నరం తెగినా, కణదేహం (కేంద్రకం ఉండే ప్రధాన భాగం) బాగుంటే దాని పొడవాటి పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు.