బోర్డింగ్‌లో ఉంచి తెచ్చాక కుక్కపిల్లలు చనిపోయాయి, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఊరెళ్లాల్సి వచ్చి, కడుపుతో ఉన్న మా ల్యాబ్రడార్‌ని తొమ్మిది రోజులు డాగ్ బోర్డింగ్‌లో ఉంచాం. ఇంటికి తెచ్చిన వారానికి ఏడు పిల్లల్ని పెట్టింది. తొమ్మిదో రోజు నుంచి పాలు తాగక, ఏడ్చి ఏడ్చి మూడు రోజుల్లో ఐదు పోయాయి. పోస్టుమార్టంలో హెర్పిస్ వైరస్ అని తేలింది. మేం వదిలేముందు అక్కడ ఇంకో కుక్క పిల్లలూ ఇలాగే చనిపోయాయని అక్కడ పనిచేసే అబ్బాయి వాట్సాప్‌లో చెప్పాడు. ఓనరేమో 'ఏం జరిగినా మాకు సంబంధం లేదని సంతకం పెట్టారుగా' అంటున్నాడు. ఒక్కో పిల్ల పదిహేను వేలకు పోయేది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. కానీ 'వైరస్ అక్కడే అంటుకుంది' అన్న ఒక్క మాట మీద వేస్తే నిలబడదు. ఈ వైరస్ పెద్ద కుక్కల్లో పైకి ఏమీ కనిపించకుండా ఏళ్ల తరబడి దాగి ఉండగలదు, ఒత్తిడికి గురైనప్పుడు మళ్లీ బయటపడుతుంది. మీ కుక్కలో ముందే ఉందేమో అని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతాడు, దానికి మీ దగ్గర గట్టి జవాబు ఉండదు.

మీ బలం వేరే చోట ఉంది. మూడు వారాల లోపు పిల్లలకు ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు, 35, 36 డిగ్రీల చల్లటి ఒంట్లోనే ఈ వైరస్ బాగా పెరుగుతుంది, అందుకే జబ్బు కనిపించిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనిన మూడు వారాల దాకా తల్లిని వేరే కుక్కలకు దూరంగా ఉంచమని డాక్టర్లు చెప్పేదీ అందుకే. డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునేవాళ్లకు ఇది తెలియాలి. కడుపుతో ఉందని మీరు చెప్పారా, చెప్పినా మిగతా కుక్కలతో కలిపి ఉంచారా, అంతకుముందే అక్కడ పిల్లలు చనిపోయిన సంగతి మీకు చెప్పకుండా దాచారా? కేసంతా ఈ మూడు ప్రశ్నల మీదే నడవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం, తెలిసిన ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. అప్పగించిన దాన్ని, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 ఎప్పట్నుంచో చెబుతోంది. మీరు పెట్టిన సంతకాన్ని వాళ్లు అడ్డుపెడతారు, కానీ దాంతోనే కేసు కొట్టేయరు, భయపడకండి.

ఆ వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఆ ఫోన్ కూడా మార్చకండి. ఫోన్, కంప్యూటర్ రికార్డుల్ని సాక్ష్యంగా చూపడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో ప్రింటు పెడదాం. ఆ అబ్బాయి అఫిడవిట్ ఇస్తే సగం పని అయిపోయినట్టే, కాకపోతే ఉద్యోగం పోతుందని భయపడతాడు, బలవంతం చేయకండి. పోస్టుమార్టం రిపోర్టులో ల్యాబ్ పరీక్ష ఉందో లేదో చూడండి, కిడ్నీల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయని రాసినంత మాత్రాన సరిపోదు. లేకపోతే దాచిన శాంపిల్ ఏమైనా మిగిలిందేమో డాక్టరుని అడిగి, గన్నవరం వెటర్నరీ కాలేజీ వాళ్లతో మాట్లాడండి.

పదిహేను వేల మాట విషయంలో మాత్రం ఆగండి. అమ్మకం నష్టం అడిగితే 'ఇది వ్యాపారం, ఈవిడ వినియోగదారే కాదు' అని వాదిస్తారు. ఏటా పిల్లల్ని అమ్ముతుంటే నాకు నిజం చెప్పండి, ఎందుకంటే 2017 డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం అమ్మకానికి పిల్లల్ని పెంచేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇంటి కుక్కే అయితే బోర్డింగ్ ఫీజు, వైద్యం ఖర్చు, మనోవేదనకు పరిహారం అడుగుదాం.

ముందు పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు పంపండి. స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్లు. సేవకు మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఇ-జాగృతి పోర్టల్లో కూడా వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. పోలీసుల దగ్గరికి వెళ్లమని ఎవరైనా చెబితే వినకండి, కావాలని గానీ, తెలిసి గానీ చంపినట్టు రుజువు లేనిదే జంతువుల్ని చంపడంపై ఉన్న క్రిమినల్ సెక్షన్లు అతకవు.

మిగిలిన రెండు పిల్లల్ని వెచ్చగా ఉంచండి, డాక్టరు చేత కేసు షీటు రాయించండి. బతికినవాటికి తర్వాత నరాల సమస్యలు రావచ్చు, అందుకని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈ సంగతి కాగితం మీద రాసి, వాళ్ల సంతకం తీసుకునే ఇవ్వండి.