సర్వర్లు రెండు, ఫిల్టరు ఒకటేనా?

ప్రశ్న: మేడమ్, మాది జీడిమెట్లలో మందుల కంపెనీ. ఎక్స్ఛేంజ్ 2019 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్లు రెండున్నాయి, రెండూ డాగ్‌లోనే (DAG, మెయిల్‌బాక్స్ డేటాబేసుల కాపీలు పంచుకునే సర్వర్ల గుంపు). విట్‌నెస్ ఫోల్డరు (రెండు సర్వర్లకు తోడు మూడో ఓటుగా ఉండేది) ఫైల్ సర్వర్ మీద పెట్టాం. ఈ మధ్య మెయిల్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొన్నాం. అమ్మినాయన ‘యాక్టివ్ నోడ్ (పనిలో ఉన్న సర్వర్) మీద వేస్తే చాలు, క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) కదా, రెండోదానికి దానంతటదే వెళ్తుంది’ అంటున్నాడు. నమ్మొచ్చా? ఎండీ గారేమో దసరా సెలవుల్లో పని కానిచ్చేయమంటున్నారు.
– పేరు వద్దు, జీడిమెట్ల

జవాబు: నమ్మకండి. ఆయన మోసం చేస్తున్నాడని కాదు, పాతకాలపు క్లస్టర్ ఆయన బుర్రలోంచి ఇంకా పోలేదు. ఎక్స్ఛేంజ్ 2003 రోజుల్లో రెండు సర్వర్లకీ కలిపి ఒకే డిస్కు ఉండేది. ఒకటి పడిపోతే రెండోది ఆ డిస్కును అందుకునేది. ఎక్స్ఛేంజ్ 2010తో డాగ్ వచ్చాక ఆ లెక్క మారింది. డాగ్ అటూ ఇటూ మోసేది మెయిల్‌బాక్స్ డేటాబేసుల లాగ్‌లను (మార్పుల చిట్టాలను) మాత్రమే. మీరు ఎక్కించిన ట్రాన్స్‌పోర్ట్ ఏజెంటు (దారిలో మెయిళ్లను తనిఖీ చేసే భాగం) గానీ, రిజిస్ట్రీలో మార్చిన సెట్టింగు గానీ దాని వెంట వెళ్లవు. ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌కే.

ఇంకో మాట. మీ దగ్గర ‘యాక్టివ్ నోడ్’ అనేదే లేదు. యాక్టివ్, పాసివ్ అన్నవి ఒక్కో డేటాబేసు కాపీకి వర్తిస్తాయి. ట్రాన్స్‌పోర్ట్ సర్వీసు రెండు సర్వర్లలోనూ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. బయటి మెయిలు ఏ సర్వర్‌కి తగిలినా తీసుకుంటుంది, అది చేరాల్సిన మెయిల్‌బాక్స్ డేటాబేసు ఎక్కడ మౌంట్ అయి (తెరిచి నడుస్తూ) ఉందో చూసి అక్కడికి చేరుస్తుంది. ఫిల్టరు ఒక్కదాని మీదే ఉంటే కొన్ని మెయిళ్లకు తనిఖీ అవుతుంది, కొన్ని తిన్నగా లోపలికొచ్చేస్తాయి. నన్నడిగితే ఇది ఫిల్టరే లేకపోవడం కంటే అధ్వాన్నం. ఉందన్న ధీమాతో అకౌంట్స్ వాళ్లు వచ్చిన ఇన్వాయిసునల్లా తెరుస్తారు.

కాబట్టి రెండింటి మీదా వేయాలి, ఒకే వెర్షన్, ఒకే సెట్టింగులు. ఒకసారికి ఒకటే. ముందు మొదటి సర్వర్‌లో హబ్ ట్రాన్స్‌పోర్ట్‌ని డ్రెయినింగ్‌లో (కొత్త మెయిలు తీసుకోకుండా, ఉన్నవి పంపేసే స్థితిలో) పెట్టి క్యూ ఖాళీ అయ్యేదాకా ఆగండి. తర్వాత డాగ్ మెయింటెనెన్స్ స్క్రిప్టు నడిపితే డేటాబేసులు రెండోదాని మీదకి పోతాయి. అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. ట్రాన్స్‌పోర్ట్ సర్వీసు రీస్టార్ట్ అయినా ఎవరికీ తెలియదు. దాన్ని తిరిగి పనిలోకి తెచ్చి, ఒకటి రెండు రోజులు గమనించి, అప్పుడు రెండోది. ఒక సర్వర్ పక్కకి తప్పుకున్నప్పుడు కోరం (క్లస్టర్ నడవడానికి కావాల్సిన మెజారిటీ) నిలిచేది మిగిలిన సర్వరూ, ఆ విట్‌నెస్ ఫోల్డరూ కలిస్తేనే. ఆ రాత్రి ఫైల్ సర్వర్‌కి విండోస్ అప్‌డేట్లు పెట్టి రీబూట్ చేయొద్దని మీ వాళ్లకి గట్టిగా చెప్పండి.

కొంపలు ముంచేది మాత్రం ఫైల్ స్కానర్. ఇలాంటి ప్యాకేజీల్లో చాలావాటితో పాటు మామూలు యాంటీవైరస్ కూడా వస్తుంది. అది ఏ లాగ్ ఫైల్లోనో వైరస్ ఆనవాలు చూసి, దాన్నెత్తి క్వారంటైన్‌లో పడేస్తే డేటాబేసు డిస్‌మౌంట్ అయిపోతుంది. పాసివ్ కాపీ విషయంలోనైతే రీసీడ్ చేసుకుంటూ (కాపీని మొదటి నుంచి మళ్లీ తయారుచేసుకుంటూ) కూర్చోవాలి. వాచ్‌మన్ గేటు దగ్గర ఉండాలి గానీ ఇంట్లోకొచ్చి బీరువా సర్దకూడదు కదా. ఈడీబీ ఫైళ్లు (డేటాబేసు ఫైళ్లు), లాగ్‌లు, చెక్‌పాయింట్ ఫైళ్లు, ట్రాన్స్‌పోర్ట్ క్యూ డేటాబేసు, విండోస్ కింద ఉండే క్లస్టర్ ఫోల్డరు, వీటన్నిటికీ రెండు సర్వర్ల మీదా మినహాయింపు ఇవ్వండి. ఫైల్ సర్వర్‌లోని విట్‌నెస్ ఫోల్డర్‌కి కూడా. అందరూ మరిచిపోయేది అదే.

పరీక్షకి ఐకార్ ఫైలు వాడండి. 68 అక్షరాల ఉత్తుత్తి వైరస్ అది, హాని చేయదు. రెండు సర్వర్లకీ విడివిడిగా, పేరు పెట్టి 25వ పోర్టుకే (మెయిళ్లు వచ్చే దారికే) పంపండి. (మీ పీసీలోని యాంటీవైరస్ ముందే దాన్ని మింగేస్తుంది, చూసుకోండి.) తర్వాత డేటాబేసులు అటు నుంచి ఇటు మార్చి మళ్లీ పంపండి.

దసరాకి వద్దు. సగం హైదరాబాద్ ఊళ్లకి పోయుంటుంది, సపోర్ట్ ఇంజినీరుతో సహా. మామూలు వారంలో మంగళవారం రాత్రి పెట్టుకోండి. ఎండీ గారికి ఇంకో సంగతి కూడా చెప్పాలి: ఎక్స్ఛేంజ్ 2019కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొన్న సాఫ్ట్‌వేర్ దాని తర్వాతి వెర్షనైన ఎక్స్ఛేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ మీద పనిచేస్తుందని అమ్మినాయన దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: 2022 జనవరి ఒకటిన మా మెయిళ్లన్నీ క్యూలోనే ఆగిపోయాయి. మాకు క్లస్టర్ ఉంది, అయినా ఎందుకు ఆదుకోలేదు?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: అది మీ ఒక్కరికే కాదు, ప్రపంచమంతా జరిగింది. ఎక్స్ఛేంజ్ 2016, 2019లలోని మాల్‌వేర్ స్కానర్ తన అప్‌డేట్ నంబరుని తేదీతో మొదలుపెట్టేది. ఆ రోజు నంబరు 2201010001. దాన్ని దాచుకునే చోట పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647. అంకె పట్టలేదు, స్కానర్ కూలింది, స్కాన్ కాని మెయిలు ముందుకు కదల్లేదు. క్లస్టర్ చూసేది సర్వర్ బతికుందా, డేటాబేసు మౌంట్ అయి ఉందా అని. ఆ రెండూ ఆ రోజు బాగానే ఉన్నాయి. అన్ని నోడ్లూ ఒకే అప్‌డేట్ మింగాయి కాబట్టి ఎటు మార్చినా అదే రోగం. సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే ఒక నోడ్‌కి అప్‌డేట్లు కొన్ని గంటలు ఆలస్యంగా అందేలా పెట్టండి. స్కానర్ పడిపోతే మెయిలు ఆపాలా వదలాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. నేనైతే ఆపుతాను. పంపే సర్వర్లు సాధారణంగా కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి.

ప్రశ్న: లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే మెయిళ్లను సర్వర్లకు పంచేది) పెట్టినప్పటి నుంచి మంచి మెయిళ్లు కూడా ఎస్‌పీఎఫ్ (పంపిన ఐపీకి ఆ డొమైన్ అనుమతి ఉందా అనే తనిఖీ) ఫెయిల్ అంటున్నాయి.
– మాదాపూర్ నుంచి

జవాబు: పంపినవాళ్ల ఐపీ స్థానంలో మీ ఫిల్టరుకి లోడ్ బ్యాలెన్సర్ ఐపీ కనిపిస్తోంది. ఎస్‌పీఎఫ్‌తో పాటు బ్లాక్‌లిస్టు తనిఖీ కూడా ఉత్తదే అయిపోయి ఉంటుంది, మీరింకా గమనించలేదేమో. అసలు ఐపీని అలాగే దాటించే సెట్టింగు ఉంటే పెట్టండి. లేదంటే 25వ పోర్టుని దాని కింద నుంచి తీసేసి, రెండు ఫిల్టర్లకీ సమాన ప్రాధాన్యంతో రెండు ఎంఎక్స్ రికార్డులు (మీ డొమైన్ మెయిళ్లు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) ఇవ్వండి.