డి డ్రైవ్‌ను నమ్ముకోకు, కోడలా

కోడలా,

నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ సిస్టం కూడా వేసుకుంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి "అది ఖరాబైతే మళ్లీ కొనియ్యడానికి పైసలు లేవు, నువ్వైనా చెప్పన్నా" అంది. నాకైతే గర్వంగానే ఉంది. ఆపమని రాయడం లేదు. కానీ టెన్షన్ లేదంటే అబద్ధమే.

చిన్న సంగతులు ముందు. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, అంటే ల్యాప్‌టాప్‌ను దాంతోనే మొదలుపెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఓసారి నడిపి చూడు, వైఫై పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ఉబుంటుకు కనీసం 25 జీబీ అడుగుతారు, నువ్వు 60 ఇవ్వు. ఆ జాగాను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే, ఉన్న డ్రైవ్‌ను ష్రింక్ చేసి, అంటే కుదించి, తియ్యి. ఛార్జర్ పెట్టే ఉంచు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. హనుమకొండలో నా డీటీపీ సెంటర్ ఉన్న గల్లీలోనే ఒక ఫొటో స్టూడియో ఉండేది. అందులో పనిచేసే పోరడు మంచి చురుకు. ఓనర్ ఊళ్లో లేనప్పుడు స్టూడియో సిస్టంలో లినక్స్ ఎక్కించబోయాడు. పెళ్లి ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా, పోతే సి పోతుంది అనుకున్నాడు. ఇన్‌స్టాలర్ 'ఎరేజ్ డిస్క్' చూపించగానే నొక్కేశాడు. సి, డి అనేవి ఒకే పొలంలో వేసుకున్న గట్లు. పొలమే అమ్మేశాక గట్టు అవతలిది నాదంటే ఎవడు వింటాడు?

హైదరాబాద్ తీసుకెళ్లి రికవరీ చేయిస్తే కొన్ని వచ్చాయి. ఫైళ్లకు పేర్లు లేవు, ఏది ఎవరి పెళ్లో తెలియదు. చాలా ఫొటోలు పైసగమే ఉన్నాయి, కింద అంతా బూడిదరంగు. ఒక తలంబ్రాల ఫొటోలో ఇద్దరి ముఖాలూ ఉన్నాయి, చేతులు లేవు. ఆ పెళ్లి కార్డులు కొట్టింది నేనే. పెళ్లికూతురి తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. పోరడు మర్నాటి నుంచి పనికి రాలేదు.

అది పాత హార్డ్‌డిస్క్ కాబట్టి ఆ మాత్రమైనా దొరికాయి. నీది ఎస్‌ఎస్‌డీ, తిరిగే పళ్లెం లేని చిప్పుల డిస్క్. చెరిపిన జాగాను ట్రిమ్ అనే పద్ధతితో తానే ఖాళీ చేసేసుకుంటుంది, తర్వాత ఏ రికవరీ వాడైనా చేతులెత్తేస్తాడు. అందుకే మీ నాన్న ఫొటోలున్న ఫోల్డర్‌ను ముందు బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చెయ్యి. నాలుగు ఫొటోలు తెరిచి చూడు. తర్వాత ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టు, తగిలించి ఉంచితే ఇన్‌స్టాలర్‌కు అదీ ఒక డిస్కులాగే కనిపిస్తుంది. బద్ధకించావో, నేనే వచ్చి చెవి మెలేస్తా. ఆ ఫొటోలు నా దగ్గర కూడా లేవు బిడ్డా.

డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడు. విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావరకు మనం అడగకుండానే డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. బూట్ సెట్టింగులు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సాధారణంగా అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసిపెట్టుకో. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకునే తెలివి చూపించకు. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు చెడతాయి. డిస్కులో ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్, అంటే విడగొట్టిన భాగం, కనిపిస్తుంది, దాన్ని ఫార్మాట్ చేయకు. విండోస్ బూట్ అయ్యేదే దాన్నుంచి.

తర్వాత విండోస్‌లో టైం ఐదున్నర గంటలు వెనక చూపిస్తే ఏదో చెడిపోయిందనుకోకు. లినక్స్ గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైంలో, పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. దానికి ఒక చిన్న కమాండ్ ఉంది, చెబుతా.

ఎరేజ్ అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడే ఆగి ఫోన్ చెయ్యి. రాత్రి పన్నెండైనా ఎత్తుతా. అన్నట్టు, రేపటి నుంచి ఆన్ చేయగానే నల్ల తెర మీద ఉబుంటు కావాలా విండోస్ కావాలా అనే లిస్టు వస్తుందని మీ అమ్మకు ముందే చెప్పు, లేకుంటే ఆమె మళ్లీ నాకే ఫోన్ చేస్తుంది.

మీ మామయ్య