పెరట్లో కాసిన మిరియాలకి బూజు ఎందుకు పడుతుంది?

మధురవాడలో ఇంటి వెనక కొబ్బరిచెట్టుకి పాకించిన మిరియాల తీగ ఈ ఏడు బాగా కాసిందనీ, గుత్తులు ఎప్పుడు కోయాలో తెలియట్లేదనీ, పోయినసారి ఎండబెట్టి డబ్బాలో పోసిన గుప్పెడు మిరియాలకి బూజు పట్టిందనీ రాశారు కదా. మాదీ విశాఖే, అడవివరం. పెరట్లో పనసచెట్టుకి పన్నియూరు-1 రకం తీగ పాకించి తొమ్మిదేళ్ళయింది. బూజు మాకూ పట్టింది, అదీ గుప్పెడు కాదు, ముప్పావు కిలోకి. అందుకని ముందు ఆ సంగతి చెప్పి తరవాత కోతకి వస్తాను.

ఆ ఏడు జనవరిలో ఎండకేం లోటు లేదు. అయిదు రోజులు మేడ మీద పాత నూలు చీర పరిచి ఆరబోశాను. నల్లగా ముడతలు పడి, అచ్చం బజారు మిరియాల్లాగే కనిపించాయి. ఆరో రోజు సాయంత్రం అయిదున్నరకి చీర కొంగులు కూడదీసి, కిందికి తెచ్చి, తెచ్చినవి తెచ్చినట్టే గాజుసీసాలో పోసి మూత బిగించేశాను. వారం తరవాత చారులోకని మూత తీస్తే మిరియాల ఘాటు లేదు, తడిసిన గోనెసంచి వాసన. మూత లోపలి వైపు సన్నటి చెమట. అడుగున ఉన్న గింజలకి బూడిదరంగు నూగు.

మా అత్తయ్య చూసి, "కడిగి రెండెండలు పెడితే పోదుటే?" అన్నారు. "పైన కనపడేది పోతుంది గానీ అత్తయ్యా, కొన్ని రకాల బూజు వదిలే విషం కడిగినా ఎండబెట్టినా పోదు" అని మొత్తం పారబోశాను. ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మీ దగ్గర ఆ గుప్పెడూ ఇంకా ఉంటే మాత్రం పారేయండి.

తప్పు ఎండది కాదు, సాయంత్రానిది. మేడ మీద మూడింటికి గలగలలాడే బట్టలు ఆరింటికి మళ్ళీ మెత్తబడటం మన ఊళ్ళో ఎవరికి తెలియదు? సముద్రం గాలిలో ఉన్న చెమ్మ మిరియాలూ అలాగే పీల్చుకుంటాయి. పగలంతా పోయిన తేమలో కొంత సాయంత్రం తిరిగి వచ్చేస్తుంది. మాకు కొండ కొంచెం అడ్డు. మీకు ఋషికొండ వైపు నుంచి గాలి నేరుగా తగులుతుంది, మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు నేను పొద్దున్న మంచు ఆరాక, తొమ్మిది దాటాక ఆరబోసి, మూడున్నరకల్లా కిందికి తెచ్చేస్తాను. మొదటి రెండు రాత్రులు కుప్పగా పోయకుండా గదిలో చాప మీద పలచగా పరిచి ఫ్యాను వేస్తాను. అప్పటికి గింజలో నీరు చాలా ఉంటుంది కాబట్టి మూత పెడితే ఉక్కపోసి చెడతాయి. మూడో రోజు నుంచి స్టీలు గిన్నెలోకి ఎత్తి, చల్లారాక మూత పెడతాను. అదే గిన్నెని పొద్దున్నే మళ్ళీ మేడెక్కిస్తాను.

ఇక కోత. మన దగ్గర తీగ తొలకరి వానలకి పూత పడుతుంది. అక్కణ్ణుంచి గింజ ముదరడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు. అంటే డిసెంబరు చివర మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా చూసుకుంటూ ఉండాలి. గుర్తు ఒక్కటే: గుత్తిలో ఒకటి రెండు గింజలు నారింజరంగుకో ఎరుపుకో తిరిగితే ఆ గుత్తి కోతకొచ్చినట్టు. మిగతావి పచ్చగానే ఉంటాయి, ఉండాలి కూడా. అన్నీ ఎర్రబడేదాకా ఆగితే సగం గోరింకలకీ పిగిలిపిట్టలకీ పోతాయి, సగం రాలిపోతాయి. తీగంతా ఒకేసారి పండదు, పదిహేను రోజులకోసారి నిచ్చెన వేసుకోవాల్సిందే. నిచ్చెనకి కింద ఒక మనిషిని పట్టుకోమనండి.

తొందరపడి కోస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. కాపుకొచ్చిన మొదటి ఏడు డిసెంబరు మొదట్లో తుపాను హెచ్చరిక వచ్చింది. హుద్‌హుద్ చూసిన వాళ్ళం కదా, 2014 అక్టోబరు 12 ఇంకా కళ్ళముందే ఉంది, ఆ టెన్షన్‌లో పిందెలతో సహా మొత్తం దూసేశాను. తుపాను ఎటో పోయింది. ఎండాక చేటలో వేసి చెరిగితే సగానికి సగం తాలు. పైన ముడతలు, లోపల ఏమీ లేదు, వేలితో నొక్కితే పొడి. అంతగా వాన భయం ఉంటే ఆ పచ్చివి ఉప్పూ నిమ్మరసంలో ఊరేసుకోండి, పెరుగన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటాయి. ఎండబెట్టడానికి మాత్రం పనికిరావు.

అన్నట్టు, తాలు గింజలు నీళ్ళలో తేలతాయి. మిరియాల్లో బొప్పాయి గింజల కల్తీ పట్టుకోవడానికి నీళ్ళ పరీక్ష చెబుతారు కదా, అందులో తేలినవన్నీ బొప్పాయి గింజలే అనుకోనక్కర్లేదు.

కోసిన గుత్తుల్ని ఆ రోజే ఒలవకండి. ఒక రాత్రి గోనెసంచిలో ఉంచితే కాడలు వదులై, మర్నాడు రెండు అరచేతుల మధ్య నలిపితే గింజలు జలజలా రాలతాయి. ఆ చేతులతో కళ్ళు నులుముకోవద్దు.

తరవాతి మెట్టు నాకు నేర్పింది పాడేరు వైపు నుంచి పసుపు, మిరియాలు తెచ్చి అమ్మే ఒకావిడ. వాళ్ళవైపు కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకే ఈ తీగలు పాకిస్తారు. నా మిరియాలు ఒకటి నల్లగా, ఒకటి మట్టిరంగులో ఎందుకున్నాయని అడిగితే నవ్వింది. "పసుపు ఉడకేసి కదమ్మా ఎండేస్తాం? దీన్నీ మరిగే నీళ్ళు చూపించాలి. ఉడకనీకు, ఒక్క ముంచు ముంచి తీసెయ్" అంది.

ఒక్క ముంచు అంటే ఒక నిమిషం. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతూ ఉండాలి. గింజల్ని పలచటి బట్టలో వదులుగా మూటగట్టి, ఫోన్లో నిమిషం పెట్టుకుని ముంచి తీయాలి. ఒక్కసారికి రెండు గుప్పెళ్ళు మించకూడదు, మించితే నీళ్ళు చల్లబడి మరుగు ఆగిపోతుంది. తీసినప్పుడు రంగు పెద్దగా మారదు, పచ్చదనం కాస్త మాడినట్టు అవుతుంది అంతే. నీళ్ళోడ్చి ఎండలో పరిచి ఒక గంట ఆగి చూడండి, అంచుల నుంచి గోధుమరంగుకి తిరుగుతూ సాయంత్రానికి నల్లబడతాయి. కోసిన వంకాయ నల్లబడినట్టే ఇదీ. తొక్కలో ఉన్న ఎంజైము గాలితో కలిసి చేసే పని. వేడికి తొక్క కణాలు చితికి ఆ ఎంజైముకి దారి దొరుకుతుంది. అయిదు నిమిషాలు ఉడికిస్తే ఎంజైమే చచ్చిపోతుంది, ఇక రంగు రాదు. ఆ ఒక్క నిమిషం ముంచుకి పైనున్న దుమ్మూ, సూక్ష్మజీవులూ కూడా చాలావరకు పోతాయి. ఎండటమూ త్వరగా అవుతుంది. ముంచకుండా ఎండబెట్టినప్పుడు మాకు ఆరు రోజులు పట్టేది, ఇప్పుడు నాలుగు రోజులకే అయిపోతోంది.

ఎండాయో లేదో రంగు చూసి నిర్ణయించవద్దు, నేను మోసపోయింది అక్కడే. తూకం నమ్మండి. ముదురు పచ్చి గింజ కిలోకి బాగా ఎండితే 330 నుంచి 350 గ్రాములు వస్తాయి. పోయిన ఏడాది మేం 2 కిలోల 400 గ్రాములు ఆరబోస్తే 810 గ్రాములు తేలాయి. మీ కిలో గింజలు 400 గ్రాముల దగ్గరే ఆగి ఉంటే ఇంకో ఎండ పడాలి. కాటా లేకపోతే ఒక గింజ పంటికింద పెట్టండి. టక్కున పగలాలి, సాగకూడదు. గింజలో తేమ నూటికి 10, 11 పాళ్ళకి దిగాలి. 12 దాటిందంటే బూజుకి పిలుపే.

మధ్యలో మబ్బు పడితే కంగారు పడకండి, ఫ్యాను కింద పలచగా పరిచి రోజుకి నాలుగైదుసార్లు చేత్తో కలపండి. ఒవెన్ ఉంటే 50 డిగ్రీలు దాటకుండా తలుపు ఓరగా తీసి పెట్టొచ్చు. అంతకన్నా వేడైతే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ, ఆ వాసనంతా మిరియాల్లోంచి పోయిందే.

నిల్వకి పెద్ద శాస్త్రం ఏం లేదు. పూర్తిగా చల్లారాక, పొడి సీసాలో నిండుగా పోసి గట్టి మూత పెట్టి అల్మరాలో పెట్టండి. వెలుతురు తగిలితే ఘాటు తగ్గుతుంది, కిటికీ పక్కన వద్దు. మొదటి పది రోజులు రెండు మూడుసార్లు మూత తీసి చూడండి. చెమట కనిపిస్తే అదే రోజు మళ్ళీ ఎండకి. రోజువారీ వాడకానికి చిన్న డబ్బా వేరే పెట్టుకుంటే పెద్ద సీసాకి పొయ్యి మీది ఆవిరి తగలదు. పొడి కొట్టి ఉంచకండి, సువాసన త్వరగా పోతుంది. గింజగా ఉంటే మాకు ఏడాది పైనే ఆగాయి.

తెల్ల మిరియాలు కావాలంటే బాగా ఎర్రబడ్డ గింజల్ని రోజూ నీళ్ళు మారుస్తూ వారం నానబెట్టి, తొక్క నలిపి తీసేసి ఎండబెట్టాలి. నేనొకసారి చేశాను. నాలుగో రోజుకి ఆ బకెట్టు వాసనకి మా ఆయన మున్సిపాలిటీ కాలవ పొంగిందేమోనని వీధిలోకి వెళ్ళి చూసొచ్చారు. మళ్ళీ చేయలేదు.

మీ తీగ ఇప్పుడెలా ఉందో, ఎన్ని గుత్తుల్లో ఎర్ర గింజ తొంగిచూస్తోందో ఒక ఫొటో పెట్టండి. ఈ వారమే నిచ్చెన వేయాలో, సంక్రాంతి దాకా ఆగాలో చూసి చెబుతాను.