పాస్టర్ గారు తప్పు చేస్తే ఆయన పిల్లలకి ఏమవుతుంది? ఆ ఇంట్లో పెరిగినదాన్ని, చెబుతాను

వందనాలు. మీ సంఘ కాపరి ఒక విశ్వాసురాలితో తప్పుడు సంబంధం పెట్టుకున్నట్టు ఒప్పుకుని బాధ్యత నుంచి తప్పుకున్నారని, ఆయనకి తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి ఉన్నారని రాశారు. దీని ప్రభావం ఆ పిల్లల మీద ఎలా ఉంటుంది, సంఘ పెద్దలుగా మేమేం చేయాలి అని అడిగారు. మీది రాయగడ జిల్లా. మా నాన్న గజపతి జిల్లాలో ఒక తెలుగు సంఘానికి పాస్టర్. ఆయన ఇదే తప్పు చేశారు. అప్పుడు నాది మీ పాస్టర్ గారి అమ్మాయి వయసే.

ముందు ఒక సంగతి గమనించండి. బ్యాంకులోనో బడిలోనో పనిచేసే మనిషి ఇలా చేస్తే ఇల్లు అల్లకల్లోలమవుతుంది, నిజమే. కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనరు, పిల్లలు ఆదివారం ఎప్పుడూ వెళ్ళే చోటికే వెళ్తారు. పాస్టర్ ఇంట్లో అలా కాదు. క్వార్టర్స్ సంఘానిది, జీతం సంఘానిది, పిల్లల స్నేహితులంతా సండే స్కూల్ వాళ్ళే, క్రిస్మస్‌కి కొత్త బట్టలు పెట్టేది స్త్రీల సమాజం వాళ్ళు. అన్నీ ఒకే వారంలో పోతాయి. మా ఇంట్లో అన్నం కూడా చాలావరకు విశ్వాసులు పూటపూటా తీసిపెట్టే పిడికెడు బియ్యంతోనే వండేది అమ్మ. పెద్దల మీటింగ్ జరిగిన వారం ఆ బియ్యం రాలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు, అలాగని ఎవరూ తేలేదు. శనివారం సాయంత్రం అమ్మ డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, పాతపట్నంలో ఉన్న మావయ్యకి కబురు పంపింది. పిల్లలకి పాపం, క్షమాపణ లాంటి మాటలు తర్వాత అర్థమవుతాయి. ఇవి ముందే తెలుస్తాయి.

మా ఇంటి విషయం బయటపడింది 1999లో. ఆ జనవరిలోనే కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతీలను వాహనంలోనే సజీవ దహనం చేశారు. ఒడిశాలో సంఘాలన్నీ బిక్కుబిక్కుమంటూ ఉన్న రోజులవి. ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. కానీ దాన్నే అడ్డం పెట్టుకుని మా పెద్దలు విషయం నొక్కేశారు. "ఇలాంటప్పుడు ఇది పొక్కితే సంఘానికే ముప్పు" అన్నారు. దాంతో నాన్న ఇంకొన్ని నెలలు పుల్‌పిట్ ఎక్కారు. వారమంతా అమ్మ ఏడుపు విని, ఆదివారం ఆయన పరిశుద్ధత మీద ప్రసంగిస్తుంటే నేనూ తమ్ముడూ ముందు వరుసలో కూర్చుని విన్నాం. ఆ నెలలే మమ్మల్ని ఎక్కువ పాడుచేశాయని నా నమ్మకం. ప్రశ్న అడగబోతే "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అనేవారు, అంటే దైవసేవకుణ్ణి తప్పుపట్టకూడదని. ఆ వాక్యాన్ని పిల్లల నోరు మూయించడానికి వాడినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకోటి చేశారు. గ్లాడిస్ స్టెయిన్స్ గారు తన భర్తనీ పిల్లల్నీ చంపినవాళ్ళని క్షమిస్తున్నానని చెప్పడం అందరికీ తెలుసు. మా వంటింట్లోకి వచ్చి, నా ముందే, "ఆ తల్లి హంతకుల్నే క్షమించింది, నువ్వు కట్టుకున్నవాణ్ణి క్షమించలేవా?" అని అమ్మని అడిగారు. ఆవిడ క్షమాపణ ఆవిడ గుండెలోంచి వచ్చింది, ఎవరూ ఇంటికొచ్చి అడిగి తీసుకున్నది కాదు. పైగా ఆవిడ భర్త ఆవిడకి ద్రోహం చేయలేదు. ఆ రోజు మా అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది, ఒక్క మాటా అనలేదు. మీ సంఘంలో ఎవరైనా పాస్టర్ గారి భార్య, ఆ అమ్మగారి దగ్గరికి గానీ పిల్లల దగ్గరికి గానీ క్షమించమని చెప్పడానికి బయల్దేరితే దయచేసి గుమ్మంలోనే ఆపండి.

మొదట్లో నాన్న అంతా అబద్ధమన్నారు. "మీరు నన్ను నమ్ముతారు కదా" అని మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు. నమ్మాం. ఆయన తరఫున నేను బళ్ళో గొడవపడ్డాను. తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరు ఏం చెప్పినా, చివరికి లెక్కల మాస్టారు మంచి మార్కులొస్తాయని మెచ్చుకున్నా, నిజమేనా అని అనుమానంగా ఉండేది. తమ్ముడి సంగతి వేరు. వాడు ప్రార్థనలో కళ్ళు మూయడం మానేశాడు. రాత్రి కుటుంబ ప్రార్థన అమ్మ నడిపించేది, వాడు మాత్రం గుమ్మం వైపే చూస్తూ ఉండేవాడు. ఎందుకురా అంటే "నాన్న వెళ్ళిపోతారేమోనని" అన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాడికి కడుపునొప్పి. నటన అనుకుని కొందరు తిట్టారు. అది నటన కాదు. ఆ వయసు పిల్లల్లో టెన్షన్ కడుపునొప్పిగా, పక్క తడపడంగా, చదువు ఉన్నట్టుండి పడిపోవడంగా బయటపడుతుంది. మీ నాలుగో తరగతి అబ్బాయిని ఈ కంటితో చూడండి.

తండ్రికి జరిగే ఒక నష్టం కూడా చివరికి పిల్లలకే తగులుతుంది. దావీదు కథ సమూయేలు రెండో గ్రంథంలో 11 నుంచి వరసగా చదవండి. దావీదు రాజు ఇంకొకరి భార్య బత్షెబతో తప్పు చేసిన తర్వాత ఆయన పెద్దకొడుకు అమ్నోను తన చెల్లెలు తామారుని చెరిచాడు. దావీదుకి చాలా కోపం వచ్చిందని ఉంది. కొడుకుని ఏమన్నాడో, ఏం చేశాడో మాత్రం లేదు. నాకు ఆ ఖాళీ బాగా అర్థమవుతుంది. మా తమ్ముడు ఇంటర్‌లో చెడు సావాసాలు పట్టినప్పుడు నాన్నకి తెలుసు. కోపమూ వచ్చింది. నోరు తెరవలేకపోయారు. తెరిస్తే వాడు ఏమంటాడో ఇంట్లో అందరికీ తెలుసు. తండ్రి బతికుండగానే తండ్రి మందలింపు లేని ఇల్లు అయిపోయింది మాది.

ఆ విశ్వాసురాలి కుటుంబం గురించి మీరేమీ రాయలేదు, దాని గురించి తప్పకుండా చెప్పాలి. మా విషయంలో ఆవిడ, ఇంట్లో కష్టం చెప్పుకుని ప్రార్థన చేయించుకోవడానికి నాన్న దగ్గరికి వచ్చిన మనిషి. కాపరి దగ్గరికి అలా వచ్చిన మనిషితో జరిగినదాన్ని ఇద్దరి తప్పు అని సగం సగం పంచడం అన్యాయం. సంఘం చేసింది అంతకంటే ఘోరం. మా నాన్నని దైవజనుడు పడిపోయాడు, లేపుకుందాం అన్నారు. ఆవిణ్ణి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) నుంచి ఆపేసి, తిట్టి పంపేశారు. ఆవిడ కూతురు నా క్లాసే. మా ఇద్దరి మధ్య రెండు బెంచీల దూరం, సంవత్సరం చివరిదాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ తర్వాత వాళ్ళు బరంపురం వైపు వెళ్ళిపోయారు. మీ సంఘంలో ఆవిడకి పిల్లలుంటే వాళ్ళూ ఈ ప్రశ్నలో ఉన్నట్టే లెక్క. ఒకవేళ బాధితురాలు 18 ఏళ్ళు నిండని అమ్మాయి అయితే పెద్దల మీటింగ్ పెట్టుకునే మాటే లేదు, పిల్లలపై లైంగిక నేరాల కోసం వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి.

ఇక మాకు తప్పించుకునే చోటు దొరకలేదు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనా మన తెలుగు సంఘాల చుట్టరికాలు విడిపోలేదు కదా. గుణుపురం పిల్లని టెక్కలి ఇస్తారు, పలాస పాస్టర్ పర్లాకిమిడి సభలకి వస్తారు. అప్పుడు ఫోన్లు తక్కువే, అయినా మాట నౌపడా చిన్న రైలుబండెక్కి మాకంటే ముందే అన్ని ఊళ్ళకీ చేరింది. ఇప్పుడు వాట్సాప్. మీటింగ్‌లో ఎవరో రికార్డు చేసిన ఆడియో ఆ అమ్మాయి చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించి, ఫోన్లు బయట పెట్టించి మాట్లాడండి. నన్ను ఆపి "ఏటే పాపా, మీయమ్మ ఏటంటంది?" అని అడిగినవాళ్ళు ఎంతమందో. పిల్లల్ని పట్టుకుని ఇంట్లో కబుర్లు లాగడం పెద్దమనుషులు చేసే పని కాదు.

నాన్న ఏడాది తిరగకముందే ఆంధ్రా వైపు ఒక స్వతంత్ర పరిచర్యలో మళ్ళీ ప్రసంగాలు మొదలుపెట్టారు. మమ్మల్ని స్టేజి మీద నిలబెట్టి పాట పాడించారు, కుటుంబం బాగుందని జనానికి కనబడాలి కాబట్టి. ఆయన పశ్చాత్తాపానికి మమ్మల్ని సాక్ష్యంగా వాడుకున్నారు. కాపరి తన ఇంటిని చక్కగా ఏలాలి అని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది, ఆ ఏలడం అంటే ఇదా అని అప్పుడే అనుకున్నాను. మీ పాస్టర్ గారిని తిరిగి పరిచర్యలో పెట్టే సంగతి ఇప్పుడు తలపెట్టకండి. ముందు ఆయన్ని తండ్రిగా నిలబడనివ్వండి.

మాకు మేలు చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు, సంఘంలో ట్రెజరర్. గొప్ప మాటకారి కాదు. వరండాలో నించుని చెప్పులు కూడా విప్పకుండా చెప్పాడు. "మీ నాన్న తప్పు చేశాడమ్మా. అది నిజం. నీదీ తమ్ముడిదీ ఏ తప్పూ లేదు. పరీక్షలయ్యేదాకా మిమ్మల్ని క్వార్టర్స్ నుంచి కదపరు, నేను కమిటీలో రాయించాను. కోయిర్‌లో పాడతావో మానేస్తావో నీ ఇష్టం." అంతే, వెళ్ళిపోయాడు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాలదాకా వస్తుందని మా ముఖం మీదే చదివినవాళ్ళకి యెహెజ్కేలు 18వ అధ్యాయం తీసి చూపించిందీ ఆయనే. తండ్రి దోషం కొడుకు మోయడని అక్కడ కుండబద్దలు కొట్టినట్టు ఉంది.

అందుకే మీ కమిటీ ఇంటి గడువు, రేషన్, స్కూల్ ఫీజు, ఆ అమ్మగారికి నెలకి ఎంత ఇస్తారు అన్నవి మినిట్స్ బుక్‌లో రాయాలి, నోటిమాటగా వద్దు. ఆ డబ్బు ఆయన చేతికి కాదు, ఆవిడ చేతికి ఇవ్వండి. పిల్లలకి విషయం వాళ్ళ వయసుకి తగినంత, నిజంగా, తండ్రి నోటితోనే చెప్పించండి. తల్లి పక్కన ఉండాలి. "కానీ" అనే మాట రాకూడదు. మా నాన్న ఆ పని చాలా ఆలస్యంగా, నా పెళ్ళి కుదిరాక చేశారు. మంచం మీద నా పక్కన కూర్చుని చేసినదంతా చెప్పారు, నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడగలుగుతున్నాను. తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. వాణ్ణి నేను తొందరపెట్టను.

అబ్బాయి నిద్రపోకపోయినా, అమ్మాయి చావు మాటలు మాట్లాడినా ప్రార్థనతో పాటు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా సరే. నేను ఇప్పుడు రాయగడలోనే ఉంటాను. ఆ అమ్మాయి ఇలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషితో మాట్లాడాలనుకుంటే, ముందు వాళ్ళమ్మగారి అనుమతి తీసుకుని నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, వచ్చి కలుస్తాను.