చందాల సొమ్ము మీ ఖాతాలో, బాకీ మీ కార్డులో

ప్రశ్న: నా జీతం నెలకు 65,000. ఏటా బడులు తెరిచే ముందు మా ఆఫీసులో అందరం చందాలు వేసుకుని ఒక ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగులు, నోట్‌బుక్కులు కొనిస్తాం. వసూళ్లు, కొనుగోళ్లు నేనే చూస్తా. పోయినసారి సుమారు 1.6 లక్షలు నా యూపీఐకే వచ్చాయి. తక్కువపడింది నా క్రెడిట్ కార్డుతో కట్టేశాను. అందులో 40,000 ఇంకా బాకీ ఉంది. ఇక నుంచి జీతంలోంచి నెలకు 2,000 కూడా 80జీ (విరాళాలకు పన్ను మినహాయింపు) ఉన్న ఒక ట్రస్టుకు ఇద్దామనుకుంటున్నా. పన్ను తగ్గుతుందా?

జవాబు: మీకు తగ్గదు, తగ్గడానికి అసలు పన్నే లేదు. ఏటా 7.8 లక్షల జీతం మీద 2025-26లో కొత్త పన్ను విధానంలో కట్టాల్సింది సున్నా. 80జీ మినహాయింపు పాత విధానంలోనే ఉంది. దానికోసం అటు మారి, 24,000 ఇచ్చి, అందులో సగానికి మినహాయింపు తెచ్చుకుంటే కలిసొచ్చేది 2,500 రూపాయలు. వేరే మినహాయింపులేవీ లేకపోతే కట్టాల్సిన పన్ను మాత్రం 58 వేల పైనే. ఈ బేరం మనకొద్దు.

మీరు అడగని విషయం గురించే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. కార్డు బాకీ మీద వడ్డీ నెలకు సుమారు 3.5 శాతం ఉంటుంది. అంటే 40,000కి నెలకు 1,400, జీఎస్టీ అదనం. ట్రస్టుకు 2,000 ఇస్తూ బ్యాంకుకు ఇంత ధారపోయడం ఎందుకు? ముందు ఆఫీసులో వాళ్లకు లెక్క చూపించి, తక్కువపడిన సొమ్ము అడగండి. మొహమాటపడాల్సిన పనేమీ లేదు, అది అందరూ ఒప్పుకున్న ఖర్చే. వాళ్లు ఇవ్వగా మిగిలిన బాకీకి ఆ 2,000 కట్టుకుంటూ పోండి.

ఇక చందాల సంగతి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి ఊరికే వచ్చిన సొమ్మును మీ ఆదాయంగా లెక్కగట్టే నిబంధన ఉంది. మీరు మధ్యవర్తి మాత్రమే, నిజమే. కానీ రేపెవరైనా అడిగితే అది చూపించుకోవాల్సింది మీరే. ఎవరి వాటా వాళ్లు నేరుగా దుకాణం ఖాతాకే పంపితే ఈ గొడవే ఉండదు. అలా కుదరకపోతే, దీనికోసమే విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి. ఎవరెంత ఇచ్చారో, బిల్లు ఎంతైందో అందరికీ కనిపించే షీట్‌లో రాయండి. ఆ లెక్క మీరు కాక ఇంకొకరు కూడా చూడాలి. డబ్బు చేతికొచ్చాకే ఆర్డర్ ఇవ్వండి.

మీ ఆఫీసులో పాత విధానంలో ఉన్నవాళ్లకు 80జీ కావాలంటే దారి వేరు. బ్యాగులు కొనిస్తే మినహాయింపు రాదు, డబ్బుగానే ఇవ్వాలి. నగదైతే 2,000 దాటకూడదు. అందరి సొమ్మూ మీరు పోగుచేసి ట్రస్టుకు పంపితే విరాళం సర్టిఫికెట్ (ఫారం 10బీఈ) మీ ఒక్కరి పేరునే వస్తుంది, మిగతావాళ్లకు ఏమీ రాదు. కాబట్టి ఎవరికి వాళ్లు తమ పాన్ ఇచ్చి బ్యాంకు ద్వారా కట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా సర్టిఫికెట్ అందుతుంది. ఫారం 16లో కనిపించకపోయినా రిటర్నులో క్లెయిమ్ చేసుకోవచ్చు. మీరు సెలవులు పెట్టి తిరిగినందుకు, ఆటో ఖర్చులకు మాత్రం పన్ను చట్టంలో లెక్కే లేదు. జీతం కోత పడే సెలవు పెట్టకండి, చాలు.

కొనేముందు ఒకసారి హెడ్మాస్టరుకు ఫోన్ చేయండి. పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఎలాగూ ఉచితంగా ఇస్తుంది, కొన్నిచోట్ల బ్యాగులు కూడా ఇస్తోంది. అక్కడ నిజంగా కొరతున్నవి జామెట్రీ బాక్సులో, సగం ఏడాదికి అయిపోయే నోట్‌బుక్కులో కావచ్చు. అప్పుడు 1.6 లక్షలూ ఒకేసారి ఖర్చుపెట్టకుండా కొంత నవంబరుకు ఆపుకోవచ్చు.

ట్రస్టుకు ఇవ్వాలనే ఉంటే, జీతంలో కోతను ఇప్పటికి 500తో మొదలుపెట్టండి. కార్డు బాకీ తీరిన నెల నుంచి 2,000 చేయమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే సరిపోతుంది.